కూరలో ఉప్పు తక్కువైందంటే పగబట్టినట్టా?

పోయిన ఆదివారం మా ఇంట్లో పప్పుచారు చల్లారిపోయింది. కారణం ఒక పాట.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఈమధ్య పేరు తెచ్చుకున్న ఒక కుర్ర సంగీత దర్శకుడంటే దానికి ప్రాణం. పేరు చెప్పను, చెబితే మీ ఇళ్ళల్లో కూడా పప్పుచారు చల్లారిపోతుంది. భోజనాల దగ్గర ఫోన్లో అతని కొత్త పాట పెట్టింది. శ్రద్ధగానే విన్నాను. పల్లవి బాణీ నిజంగా బావుంది కూడా. పాట అయిపోయాక, "బాణీ బావుందే. కానీ చరణంలో ఆ డప్పుల మోత కింద ఒక్క మాటా వినపడలేదు. రాసినాయన ఏం రాశాడో పాపం!" అన్నాను.

అంతే. "నీకు అతనంటే మొదట్నుంచీ పడదమ్మా!" అని కంచం ముందు నుంచి లేచిపోయింది.

పడకపోవడమేమిటండీ? ఆ అబ్బాయి నాకేమన్నా బాకీ ఉన్నాడా? మా పొలం గట్టు జరిపాడా? అతను ఎవరో, ఏ ఊరివాడో కూడా నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ఆ నాలుగు నిమిషాల పాట. దాని గురించే మాట్లాడాను. అందులోనూ సగం మెచ్చుకున్నాను. ఆ సగం మాత్రం ఎవరి చెవినా పడలేదు.

కోపం వస్తుంది, పోతుంది. నన్ను బాధపెట్టింది ఇంకొకటి. మా పిల్ల ఐదేళ్ళుగా సంగీతం నేర్చుకుంటోంది. ఏది నేర్చుకున్నా ముందు వంటింట్లోకొచ్చి, గట్టు మీద కూర్చుని నాకు పాడి వినిపించేది. ఆదివారం నుంచి గది తలుపేసుకుని పాడుకుంటోంది.

ఇది మా ఒక్క ఇంటి గొడవే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే వరస. ఫలానా గాయకుడి పాటలో ఉచ్చారణ బాలేదంటే "కుళ్ళు". ఫలానా ఆయన కచేరీలో శ్రుతి తప్పిందంటే "ద్వేషం". అభిమానం అంటే నోరు మూసుకోవడం అని ఎప్పుడు తీర్మానం అయిపోయిందో నాకు తెలీదు.

పిల్లనని ఏం లాభం, నేనూ ఆ తాను ముక్కనే. 2017లో ఏం జరిగిందో గుర్తుందా? బాలుగారు పాడటం మొదలుపెట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా దేశదేశాలు తిరుగుతూ కచేరీలు చేస్తున్నారు. అమెరికాలో ఉండగా, తన అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదని ఇళయరాజాగారి తరపు నుంచి లాయర్ నోటీసు వెళ్ళింది. బాలుగారికే కాదు, చిత్రగారికీ, చరణ్‌కీ కూడా. మా ఇంట్లో నేను బాలుగారి మనిషిని. మా వారు రాజాగారి మనిషి. ఆ వార్త వచ్చిన రోజు మా వారు తాపీగా, "చట్టం ప్రకారం బాణీ కట్టినాయన్ని అడగాలి కదా. డబ్బు తీసుకుని చేసే కచేరీలాయె" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బాలుగారిని అంత మాటంటారా అని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. "నాన్నకి కాఫీ కావాలేమో అడుగు" అని పిల్లల ద్వారా కబుర్లు నడిపాను. నిజానికి మా వారు బాలుగారిని ఒక్క మాటా అనలేదు. చట్టం గురించి అన్నారు. నాకు వినపడింది మాత్రం, 'మీ బాలు తప్పు చేశాడు' అని.

ఆ తర్వాత తెలిసింది, నోటీసు సంగతి లోకానికి చెప్పినప్పుడే బాలుగారు అభిమానుల్ని ఒకటి వేడుకున్నారట. ఇళయరాజాగారి గౌరవానికి భంగం కలిగేలా ఎవరూ పరుషంగా మాట్లాడవద్దని. చట్టం అదే అయితే ఆ పాటలు పాడనని ఊరుకున్నారు. నోటీసు అందుకున్నాయనకే లేని కోపం, రాజమండ్రిలో పప్పు రుబ్బుకుంటున్న నాకెందుకు? సిగ్గేసింది. 2019లో మళ్ళీ ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. 2020 ఆగస్టులో బాలుగారు చెన్నైలో ఆసుపత్రి పాలైనప్పుడు, త్వరగా లేచి రమ్మని రాజాగారు వీడియోలో పిలిచిన పిలుపు విని ఏడవని వాళ్ళు లేరు. ఆయన లేచి రాలేదు. సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు. వాళ్ళిద్దరి పేరు చెప్పుకుని మనం మొగుడూ పెళ్ళాలం మాటలు మానేసుకున్నాం.

ఆ గొడవలో పోయిందేమిటో చెప్పనా? అడగాల్సిన ప్రశ్న పోయింది. పాట ఎవరిది? బాణీ కట్టినాయనదా, రాసినాయనదా, పాడినాయనదా, డబ్బు పెట్టిన నిర్మాతదా? సినిమా పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో హక్కు గట్టిపరుస్తూ 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. మరి ఆ తెలుగు పాటల్లో ఎన్నిటికో మాటలు వేటూరిగారివి కదా, స్టేజీ మీద పాడినప్పుడు ఆయనవాళ్ళకు ఏం చెందాలని ఎవరైనా అడిగారా? బాలుగారి వైపు, రాజాగారి వైపు అని రెండు జట్లుగా చీలి అరుచుకున్నాం. రాసినాయన ఎవరికీ గుర్తు రాలేదు. మా అమ్మాయి పాటలో డప్పుల కింద మాట నలిగిపోయినట్టే.

ఇంకో తమాషా చూడండి. ఆ రెండు జట్లవాళ్ళూ ప్రాణం పెట్టే సినిమా ఒకటుంది, 1983లో వచ్చిన సాగర సంగమం. సంగీతం ఇళయరాజాగారు, పాడింది బాలుగారు. ఇద్దరికీ దానికి జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ సినిమా కథ ఏమిటి? ఒక విమర్శకుడి కథ! కమల్ హాసన్ తాగుబోతు అయిపోయిన నాట్యకారుడు, పత్రికలో నాట్య విమర్శలు రాస్తుంటాడు. శైలజ అనే అమ్మాయి నాట్యం బాలేదని రాస్తాడు. ఆ పిల్ల మండిపడుతుంది, పగబడుతుంది. ఆఫీసుకొచ్చి నిలదీస్తే అతను అక్కడికక్కడే అదే పాటకి భరతనాట్యం ఎలా ఉంటుందో, కథక్ ఎలా ఉంటుందో, కథాకళి ఎలా ఉంటుందో చేసి చూపిస్తాడు. ఆ శైలజ వేషం వేసింది ఎవరో కాదు, బాలుగారి చెల్లెలు ఎస్.పి. శైలజగారే. చివరికి ఆ విమర్శించినవాడే ఆమెకి గురువవుతాడు, ఆమెని వేదిక మీద నిలబెట్టి కన్నుమూస్తాడు.

నలభై ఏళ్ళుగా ఆ సినిమా చూసి ఏడుస్తున్నాం. కమల్ హాసన్ పక్షాన ఏడుస్తున్నాం. ఇంటికొచ్చి మాత్రం, మన అభిమాన కళాకారుణ్ణి ఎవరైనా ఒక్క మాటంటే ఆ శైలజలా విరుచుకుపడుతున్నాం. విశ్వనాథ్‌గారు పాపం ఇంకెలా చెప్పాలి మనకి?

బాలుగారి సంగతే తీసుకోండి. 1996 నుంచి ఈటీవీలో పాడుతా తీయగా చూసిన ఇల్లు ఏది లేదు? ఆయన అక్కడ చేసిందేమిటి? పిల్లలు పాడగానే ముందు మెచ్చుకునేవారు. తర్వాత మెల్లగా మొదలుపెట్టేవారు. ఇక్కడ 'ళ' పలకాలి, నువ్వు 'ల' అన్నావు. ఇక్కడ ఊపిరి తీసుకుంటే మాట విరిగిపోయింది. ఈ మాటకి అర్థం తెలుసుకుని పాడావా అమ్మా? ఊరూ వాడా చూస్తుండగా తప్పులు చెప్పేవారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని తలూపేవారు. మా పిల్లంటే ఆయనకి పడదని ఎవరూ లేచిపోలేదు. చెప్పించుకోవడమే భాగ్యమనుకున్నారు. జీవితమంతా శ్రద్ధగా తప్పులు దిద్దిన మనిషి పేరున, తప్పు ఎత్తి చూపినవాళ్ళ నోళ్ళు మూయిస్తామా?

"ఏదీ, నువ్వు పాడి చూపించు" అంటారు ఇంకొందరు. ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇంట్లో మగవాళ్ళెవరూ పులుసు పెట్టిన పాపాన పోలేదు. కానీ ఉప్పు తగ్గింది, చింతపండు ఎక్కువైంది, తాలింపు మాడింది అని రోజూ చెబుతూనే ఉన్నారు. ఏదీ, మీరు వండి చూపించండి అని నేను అన్నానా? అనుంటే ఊరుకునేవారా? తినేవాడికి నాలుకుంటే చాలు, వినేవాడికి చెవులుంటే చాలు.

నా అసలు కోపం ఇక్కడే. మన వంట మీద, మన కట్టు మీద, మన పెంపకం మీద అత్తగారి దగ్గర్నుంచి ఆడపడుచు కొడుకు దాకా అందరూ విమర్శలు చేస్తారు. అదేమిటంటే, "నీ మంచికేగా చెబుతున్నాం" అంటారు. మనం ఏ రోజూ దాన్ని ద్వేషం అనుకోకూడదు. అనుకుంటే మన మనసు చిన్నదని అర్థం. అదే మనం టీవీలో పాడుతున్న ఒక స్టారుగారి గురించి "ఇవాళ గొంతు పలకలేదు" అంటే మాత్రం అది ద్వేషం అయిపోతుంది. నీకేం తెలుసంటారు. ఎదురుగా నిలబడి వడ్డిస్తున్న మనిషికి లేని రక్షణ, మన పేరు కూడా తెలియని కళాకారుడికి మన ఇంట్లో ఎందుకు?

ద్వేషం లేదని నేననను. ఉంది, బోలెడంత ఉంది. గాయని పాడుతుంటే ఆమె రంగు గురించి, ఒంటి గురించి, చీర గురించి, ఆమె కులం గురించి, విడాకుల గురించి మాట్లాడేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. దాన్ని విమర్శ అనే పేరుతో ఎవరూ దాటేయకూడదు. కానీ రెండిటికీ తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. విమర్శించేవాడికి పాట కావాలి, ఫలానా చరణంలో ఫలానా చోట అని చూపించాలి. ద్వేషించేవాడికి పాటతో పనే లేదు, మనిషి దొరికితే చాలు. ఇంకా అనుమానంగా ఉంటే ఒక్క ప్రశ్న వేసుకోండి. వచ్చే పాట అద్భుతంగా ఉంటే ఈ మనిషి సంతోషిస్తుందా, ఏడుస్తుందా? సంతోషిస్తే ఆమె మీ కళాకారుడికి అయినమనిషే. అయినవాళ్ళు ఏడిపించి చెబుతారు, కానివాళ్ళు నవ్వించి చెబుతారు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

విమర్శను భరించలేని అభిమానానికి అసలు తన కళాకారుడి మీద నమ్మకం లేదని నాకనిపిస్తుంది. రాజమండ్రిలో ఒక ఇల్లాలు అన్న మాటకి కూలిపోయేంత బలహీనమైనదా ఆ సంగీతం? మంచి పాట ఎన్ని మాటలైనా పడి నిలబడుతుంది. నిలబడలేని పాటని మన అరుపులు నిలబెట్టవు.

పిల్లలున్న ఇంట్లో ఇది పాటతో ఆగదు. బావుంది అన్నవాళ్ళే మనవాళ్ళు, బాలేదన్నవాళ్ళంతా శత్రువులు అని నేర్చుకున్న పిల్ల రేపు గురువు మాట వింటుందా? ఆఫీసులో పైవాళ్ళు పని దిద్దితే తట్టుకుంటుందా? కట్టుకున్నవాడు ఒకటి కాదంటే కాపురం చేస్తుందా? తిరిగి, తను ఒకటి కాదనాల్సి వచ్చినప్పుడు ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని నోరు నొక్కుకుని బతుకుతుందేమో, అది ఇంకా భయం నాకు.

నా వైపు తప్పు లేదా అంటే, ఉంది. మొదటిసారి వింటున్నప్పుడే, అన్నం ముందు, పదిమందిలో అన్నాను. "పాపం" అని ఒక ఎకసెక్కం కూడా కలిపాను. బాలుగారైతే అలా చెప్పేవారు కాదు. ఆ మాట మా అమ్మాయికి చెప్పి, సారీ అన్నాను. చెప్పిన తీరుకి అన్నాను, చెప్పిన మాటకి కాదు. ఆ తేడా దానికి ఇంకా అర్థమైనట్టు లేదు. "సరేలే" అని వెళ్ళిపోయింది.

ఇది రాస్తుంటే పక్క గదిలో పాడుకుంటోంది. తలుపు వేసే ఉంది. మోహన రాగం, ఈ నెలలో కొత్తగా మొదలుపెట్టారు. గొంతు ఎంత హాయిగా ఉందో! కానీ పై షడ్జం దగ్గర శ్రుతి కొంచెం కిందికి జారుతోంది. మూడుసార్లు అక్కడే జారింది. వాళ్ళ నాన్న హాల్లోంచి "సూపర్ రా తల్లీ" అని అరిచారు.

నేను స్టవ్ కట్టేసి, వెళ్ళి తలుపు కొట్టబోతున్నాను. ముందు గొంతు బావుందని చెబుతాను, అది నిజం కాబట్టి. తర్వాత పై షడ్జం సంగతి చెబుతాను, అదీ నిజమే కాబట్టి. కోపమొస్తే రానీ. ఈ ఇంట్లో దానికి ఆ మాట చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారు?