పున్నమి చంద్రుడికి పగటి లెక్క

తిమ్మాజిపేట లాంటి ఊళ్లో పున్నమినాడు డాబా ఎక్కితే చందమామ వెన్నముద్దలా ఉంటాడు. పరీక్షగా చూస్తే కుందేలు కూడా కనిపిస్తుంది. తీరా కెమెరా తీసి నొక్కితే తెరమీద పడేది తెల్లటి బొట్టు! కుందేలూ లేదు, మచ్చా లేదు. ‘మన కెమెరా ఇంతే’ అని పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. కెమెరా బాగానే ఉంది. ‘ఆటో’లో వదిలేయడమే అసలు చిక్కు.

ఆటోలో ఉన్న కెమెరా ఫ్రేములోని వెలుతురు మొత్తానికి సగటు కడుతుంది. ఫ్రేము నిండా నల్లటి ఆకాశం, మధ్యలో చిన్న చంద్రుడు. ‘అబ్బో, చీకటి’ అనుకుని షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అక్కడ చంద్రుడి మీద పట్టపగలని దానికేం తెలుసు పాపం! జడ్చర్ల రోడ్డు మీద మధ్యాహ్నం ఎండ పడినట్టే అక్కడి నేలమీదా పడుతోంది. ఆ నేల తనమీద పడిన వెలుగులో సుమారు 12 శాతమే తిప్పి పంపుతుంది. అంటే మన వెన్నముద్ద అసలు రంగు ఇంచుమించు పాత తారు రోడ్డుదే. కాబట్టి ఎండలో ఫొటోలు తీసే లెక్కే చంద్రుడికీ వాడాలి.

ఫిల్ము రోజుల నుంచీ ఒక సూత్రం ఉంది. పేరు ‘లూనీ లెవెన్’. అపర్చర్ ఎఫ్ 11 పెట్టి, ఐఎస్ఓ ఎంతో షట్టర్ సెకనులో అన్నో వంతు పెట్టాలి. ఐఎస్ఓ 100 అయితే 1/100 సెకను. స్టాండు లేకుండా 300 ఎంఎం జూమ్‌తో తీస్తుంటే ఆ వేగం చాలదు, చెయ్యి అదురుతుంది. అప్పుడు ఐఎస్ఓ 200, ఎఫ్ 8, 1/400 పెట్టండి. వెలుతురు అంతే పడుతుంది. అన్నట్టు జూమ్ ఎందుకంటే, మామూలు 50 ఎంఎం లెన్సులో చంద్రుడి బొమ్మ అర మిల్లీమీటరు కూడా ఉండదు. 300లో దాదాపు 2.7 మిల్లీమీటర్లు వస్తుంది.

సద్దుల బతుకమ్మ నాటికి ఆకాశంలో సగం చంద్రుడు ఉంటాడు. సగం కదా అని సగం వెలుగు లెక్కేయకండి. పున్నమి వెలుగులో అది దాదాపు పదో వంతే. పైన చెప్పిన 1/400ను 1/100కి తగ్గించాలి. అయితే గుంటలూ కొండలూ ముచ్చటగా పడేది ఈ రోజుల్లోనే. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు పొడుగ్గా సాగుతాయి. పున్నమినాడు నీడలే ఉండవు, బొమ్మ చప్పగా వస్తుంది.

మరి బతుకమ్మలూ చందమామా ఒకే ఫొటోలో కావాలంటే? బాగా చీకటిపడ్డాక కుదరదు. ఒకరికి వెలుతురు సరిపెడితే రెండోవారు పాడవుతారు. సూర్యుడు దిగాక ఆకాశంలో ఇంకా నీలం ఉన్న పావుగంటలోనే ప్రయత్నించాలి. ఊరి మీద ఉదయించే నిండు చంద్రుడు కావాలంటే పున్నమికి ముందురోజు మేలు. ఆవేళ అతను ముప్పావుగంట ముందే వచ్చేస్తాడు, ఇళ్ల మీద ఇంకా ఎండ ఉంటుంది. 1941లో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీసింది అలాంటి వేళే. వెలుతురు మీటరు చేతికి దొరక్కపోతే, చంద్రుడి వెలుగు ఎంతో తనకు గుర్తున్న అంకెతో లెక్కగట్టి నొక్కాడు. ఆ ఫొటో ఫొటోగ్రఫీ చరిత్రలో నిలిచిపోయింది.

ఫోనుతో తీసేవాళ్లు తెరమీద చంద్రుణ్ని తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. మచ్చలు బయటపడేదాకా జరపాలి. కొన్ని ఫోన్లు మాత్రం చంద్రుణ్ని గుర్తుపట్టి వివరాలు అవే దిద్దేస్తాయి. 2023లో శామ్‌సంగ్ ఫోన్ల మీద దీని గురించే పెద్ద రభస అయింది. అలా వచ్చింది మీరు తీసిన బొమ్మేనా అంటే, నా మటుకు నేను సగమే ఒప్పుకుంటాను.

చలికాలంలో మన ప్రాంతంలో పున్నమి చంద్రుడు అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి వస్తాడు. మధ్యలో గాలి పొర పలచన, బొమ్మ నికార్సుగా పడుతుంది. మెడనొప్పి మాత్రం ఉచితం!

గ్రహణానికి ఈ అంకెలేవీ పనికిరావు. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు వేల రెట్లు మసకబారతాడు. ఐఎస్ఓ 1600, ఎఫ్ 5.6, అర సెకనుతో మొదలుపెట్టి అటూ ఇటూ మార్చి చూడాలి, స్టాండు తప్పనిసరి. సెకను దాటితే చంద్రుడి నడకకే బొమ్మ చెదురుతుంది. 2025 సెప్టెంబర్ 7 రాత్రి గ్రహణం 82 నిమిషాలు సంపూర్ణంగా సాగింది. అది తప్పిపోయినవాళ్లకు 2028 డిసెంబర్ 31 ఉంది. ఆ రాత్రి పది, పదకొండు గంటల మధ్య చంద్రుడు ఎర్రగానే ఉంటాడు. కొత్త సంవత్సరం కేకు కోయడానికి ఇంకా గంట టైముంటుంది.