దుబాయ్ బడిలో బీటెక్ టీచర్: బేసిక్ ఎంతో అడిగారా?

'అన్నా, ఐటీలో ఆఫర్లు రావట్లేదు. దుబాయ్ ఇంటర్నేషనల్ స్కూళ్లలో కంప్యూటర్ టీచర్లను తీసుకుంటున్నారట. బీటెక్ సరిపోతుందా?' టెక్నాలజీ గురించి రాసే నాకు ఈమధ్య ఇలాంటి మెసేజ్‌లు ఎక్కువయ్యాయి. నా జవాబు చాలామందికి నచ్చట్లేదు: సాధారణంగా సరిపోదు. మంచి స్కూళ్లు బీఈడీతో పాటు రెండేళ్ల అనుభవం అడుగుతాయి. దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ఆమోదం కూడా కావాలి. బీటెక్ వాళ్లూ ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరొచ్చన్న సంగతే మనలో చాలామందికి తెలియదు.

మా పెద్దమ్మ కూతురు ఆరేళ్లుగా దుబాయ్‌లో ఓ సీబీఎస్‌ఈ స్కూల్లో కంప్యూటర్ సైన్స్ చెబుతోంది. ఉండేది మాత్రం షార్జాలో. అద్దె తక్కువ కదా! ట్రాఫిక్ తప్పించుకోవాలంటే తెల్లవారుజామునే బయల్దేరాలి. 'ఒరేయ్, మన దగ్గర సిలబస్ అయిపోతే టీచర్ పని అయిపోయినట్టే. ఇక్కడ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు క్లాసులో వెనక కూర్చుని, ఆ మూలనున్న పిల్లాడికి ఏం అర్థమైందో చూపించమంటారు' అంటుంది అక్క. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు విడిగా వర్క్‌షీట్లు తయారుచేయాలి. అది రాత్రిపూట ఇంట్లో చేసుకునే పని. ఆమెను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. తండ్రి ఉద్యోగం పోయి వేరేది దొరక్కపోతే ఆ కుటుంబం సర్దుకుని వచ్చేయాల్సిందే. నిన్నటిదాకా ముందు బెంచీలో కూర్చున్న పిల్ల, ఏడాది మధ్యలో టీసీ తీసుకుని వెళ్లిపోతుంది.

ఇక డబ్బు సంగతి. 'ఇంటర్నేషనల్' అన్న ఒక్క మాట కింద రకరకాల స్కూళ్లున్నాయి. భారతీయ సిలబస్ స్కూళ్లలో ఫీజులు తక్కువ, జీతాలూ తక్కువే. బ్రిటిష్, ఐబీ స్కూళ్లు ఇల్లు, విమాన టికెట్లు కూడా ఇస్తాయి కానీ, చాలావరకు ఆ సిలబస్ చెప్పినవాళ్లనే వెతుక్కుంటాయి. ఒకే ఊళ్లో, ఒకే సబ్జెక్టుకు ఇంత తేడా న్యాయమా అంటే నాకైతే కాదనే అనిపిస్తుంది. కానీ తెలిసి వెళ్లడం వేరు, వెళ్లాక తెలియడం వేరు.

ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం చూసి సంతకం పెట్టేస్తారు మనవాళ్లు. చూడాల్సింది బేసిక్. యూఏఈ చట్టం ప్రకారం తొలి అయిదేళ్లకు గ్రాట్యుటీ ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం. నెలకు 6,000 దిర్హాముల జీతంలో బేసిక్ 4,000 ఉంటే అయిదేళ్లకు 14,000 వస్తాయి. అదే 2,400 అని రాస్తే 8,400 మాత్రమే. ఇన్‌కమ్‌ట్యాక్స్ లేదన్న సంబరంలో ఈ లెక్క ఎవరూ వేయరు.

'ముందు విజిట్ వీసా మీద వెళ్లు, స్కూలే మార్పిస్తుంది' అనే ఏజెంట్ మాట వినొద్దు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. ఏజెంట్‌కు మన విదేశాంగ శాఖ లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. లైసెన్స్ ఉన్నా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు.

ఇంకో మాట. అక్కడి భారతీయ సిలబస్ స్కూళ్లు ఏప్రిల్‌లో తెరుస్తారు. బీటెక్, బీఈడీ సర్టిఫికెట్లకు ఇక్కడ విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ ముద్రలు పడటానికి వారాలు పడుతుంది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక మొదలుపెడితే అందదు.