ఆంపియర్లు కలిస్తే చాలా?

మైక్రోహెన్రీలు కలిశాయి, ఆంపియర్లు కలిశాయి, సైజు కలిసింది, ధర తక్కువ. ఇంకేం, మార్చేయండి! పవర్ సప్లై బోర్డుల్లో ఇండక్టర్ విషయంలో ఈ మాట ఎంతగా చెల్లిపోతోందంటే, ఎదురు చెప్పినవాడు చాదస్తుడు. కంట్రోలర్ చిప్ మార్చాలంటే నాలుగు మీటింగులు. కాయిల్‌కి ఒక ఈమెయిల్ చాలు. రాగి తీగే కదా!

ఇంతకీ కలిసినవి ఏ ఆంపియర్లు? డేటాషీట్‌లో ఉండేవి రెండు అంకెలు. ఒకటి కోర్ సాచురేషన్‌ది, రెండోది వేడిది. మొదటిదానికి అందరికీ ఒకటే కొలత లేదు. ఇండక్టెన్స్ 20 శాతం పడిన చోట ఒకరు గీత గీస్తే, ఇంకొకరు 30 శాతం దాకా పోనిస్తారు. అదే సైజులో ఎక్కువ ఆంపియర్లు చూపిస్తే ముందు అనుమానించాల్సింది ఆ గీతనే. పిండి కొద్దీ రొట్టె. రెండో అంకె చాలావరకు 25 డిగ్రీల గదిలో, కాయిల్ మరో 40 డిగ్రీలు వేడెక్కేదాకా పంపిన కరెంటు. రామగుండంలో మే నెల ఎండే 45 దాటుతుంది. కారు బానెట్ కింద సంగతి వేరే చెప్పాలా?

లెక్క చూద్దాం. 12 వోల్టుల నుంచి 3.3 వోల్టులకు దించే కన్వర్టర్, 400 కిలోహెర్ట్జ్, 1 మైక్రోహెన్రీ, లోడు 20 ఆంపియర్లు. రిపుల్ దాదాపు 6, పీక్ 23. ఇండక్టెన్స్ 30 శాతం పడితే రిపుల్ 8.5కి, పీక్ 24 పైకి పోతాయి. పౌడర్ కోర్ దాదాపు అక్కడే సర్దుకుంటుంది. ఫెరైట్ అలా కాదు, సాచురేషన్ ఒంపు దాటిందా, కుప్పకూలుతుంది. వేడెక్కేకొద్దీ ఆ ఒంపు ఇంకా ముందే వస్తుంది: 25 డిగ్రీల దగ్గర 0.5 టెస్లా మోసే పవర్ ఫెరైట్, 100 దగ్గర మోసేది దాదాపు 0.4. రాగిదీ అదే కథ. 5 మిల్లీఓమ్‌ల తీగలో 20 ఆంపియర్లకు 2 వాట్లు పోతే, 125 డిగ్రీల దగ్గర పోయేది 2.8. కోర్‌లో పోయేది వేరు. అది ఈ రెండు అంకెల్లో ఎక్కడా కనపడదు.

కార్లలో వాడే పార్టులకిచ్చే ఏఈసీ-క్యూ200 ముద్ర ఉందిగా అంటారు. అది వేడికి, చలికి, కుదుపులకు ఆ పార్టు నిలబడుతుందని చెబుతుంది. మీ సర్క్యూట్‌లో సాచురేట్ కాదని ఎక్కడా హామీ ఇవ్వదు. ప్రోటోటైప్ పాసయింది కదా అంటారు. ఏసీ గదిలో, బల్ల మీద, సగం లోడుతో పాసయింది.

చవక కాయిల్ వద్దని కాదు. దాన్ని బోర్డుతో సహా ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఉంచి, పూర్తి లోడు ఇచ్చి, కరెంట్ ప్రోబ్ తగిలించి ఆసిలోస్కోపులో చూడండి. త్రికోణపు వాలు తిన్నగా ఉంటే మార్చుకోండి. కొసన కొక్కెంలా పైకి లేచిందంటే, మిగిలిన రూపాయల లెక్క వారంటీ విభాగానికి పంపండి.