ఉగాది విందు: గృహిణియు పంక్తిలో గూర్చుండవలెను



చైత్రమాసముతో పాటు మన యిండ్లకు వేపపువ్వు, పుల్లని మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లము వచ్చును. ఉగాదినాడు ఆంధ్రదేశమున పచ్చడి చిక్కగా కలిపి నాకుదురు; తెలంగాణమున పలుచగా చేసి కొత్తకుండలో నుంచి త్రాగుదురు. అది యందరికిని తెలిసినదే. విందు వంటలను గూర్చి వ్రాయుటకు ముందు మిమ్ము నొక ప్రశ్న యడుగుచున్నాను. పండుగనాడు మీరు ఏ వేళకు భోజనము చేయుదురు?

పురుషులును, పిల్లలును, వచ్చిన చుట్టములును తిని లేచిన పిమ్మట, మధ్యాహ్నము మూడుగంటలకు, చల్లారిన యన్నముతోను గిన్నెల యడుగున మిగిలిన కూరతోను సరిపెట్టుకొనుట పెక్కిండ్లలో నేటికిని వాడుకగా నున్నది. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వరకు వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దీనికి కారణములు పెక్కులు గలవు. తగిన యాహారము చాలకుండుట వానిలో నొకటి. చివర దినువారికి తక్కువ మిగులుట సహజమే కదా! ఏడాదికి మొదటిదినమున నైన నీ వాడుక మాన్పుకొందము.

ఇల్లాలిని పొయ్యియొద్ద కట్టివేయునవి బొబ్బట్లు, గారెలు, బూరెలు. వీనిని ఒక్కొక్కటిగా కాల్చి, వేడివేడిగా వడ్డింపవలెను. పాశ్చాత్యదేశములలో ఈస్టరు విందునకు కూరలను ఒక్క లోతు పాత్రలో నమర్చి, పొయ్యిలో బెట్టి, ఆ పాత్రనే బల్లమీదికి తెత్తురు. పాత్రకును వంటకమునకును కాసెరోల్ అనునదే పేరు. వండినయామెయు నందరితోడ కూర్చుండుటకు దానివలన వీలగును. మనకును అట్టి గిన్నెవంటలు లేకపోలేదు. ఎనిమిదిమందికి సరిపడునట్లు నాల్గింటిని చెప్పుచున్నాను.

మామిడికాయ పులిహోర: అరకిలో బియ్యమును పలుకుగా వండి, వెడల్పు పళ్లెరమున ఆరబోసి, పసుపు, ఉప్పు, రెండుచెంచాల నువ్వులనూనె, కరివేపాకు చల్లి యుంచవలెను. 100 మిల్లీలీటర్ల నూనెలో వేరుసెనగపప్పు, సెనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిరప, పచ్చిమిరప, అల్లము, ఇంగువ పోపు వేసి, మధ్యరకపు మామిడికాయలు రెంటిని కోరి అందులో వాడ్చి, అన్నము చల్లారిన పిమ్మట కలుపవలెను. పులుపు అన్నమునందు పట్టుటకు రెండుగంటలైన పట్టును గనుక దీనిని మొదట చేయుటయే మేలు.

పనసపొట్టు కూర: అరకిలో పొట్టును పసుపు, ఉప్పు వేసి యుడికించి, నీరు గట్టిగా పిండి, పోపులో వేసి, నిమ్మకాయంత చింతపండు గుజ్జు కలిపి మగ్గనీయవలెను. రెండుచెంచాల ఆవాలు నీటితో నూరిన ముద్దను కూర దింపి కొంత చల్లారిన పిమ్మటనే కలుపుడు. ఆవఘాటు నూరినపుడు పుట్టును; పొయ్యిమీద నుంచినచో ఎగిరిపోవును.

ముక్కలపులుసు: గుమ్మడి, సొర, మునగ, వంకాయ, చిలగడదుంప అన్నియు కలిపి ఒక కిలో. గట్టిముక్కలు ముందు, మెత్తనివి తరువాత వేయుడు. ముక్కలు మెత్తబడిన పిమ్మటనే 50 గ్రాముల చింతపండు రసమును పోయవలెను. పులుపు ముందుగా తగిలిన ముక్క త్వరగా ఉడుకదు. తగినంత బెల్లము వేసి, రెండుచెంచాల బియ్యపుపిండి నీటిలో కలిపి పోసి, మరిగిన తరువాత మెంతులు, ఆవాలు, ఇంగువ పోపు పెట్టవలెను.

పరమాన్నము: 200 గ్రాముల బియ్యమును లీటరున్నర పాలలో మెత్తగా వండి దింపుడు. పావుకిలో బెల్లమును కొద్ది నీటిలో కరగించి, వడగట్టి, ఆరనిచ్చి, పాయసపు వేడి తగ్గిన పిమ్మట కలుపవలెను. మరుగుచుండగా బెల్లము వేసినచో పాలు విరుగవచ్చును. బియ్యము ఉడుకక మునుపు వేసినచో మెతుకు బిరుసెక్కును. నేతిలో వేచిన జీడిపప్పు, కిస్‌మిస్, ఏలకులపొడి చివర చేర్పవలెను.

నివేదన కాకమునుపు రుచి చూడని యిండ్లు గలవు. అట్టి యిండ్లలో ఉప్పు, పులుపు, బెల్లము ఈయేడు కొలిచివేసి, కొలతలను పుస్తకమున వ్రాసికొన్నచో, వచ్చేయేడు ఊహతో పనియుండదు. నిలువవంట నివేదనకు పనికిరాదనువారు కూడ చింతపండు ఏరుట, బెల్లము కొట్టుట, పోపుదినుసులు కొలిచియుంచుట ముందునాడే చేసికొనవచ్చును. ఈ పనులు మగవారికిని, పిల్లలకును అప్పగింపదగినవే.

ఒక్క హెచ్చరిక. చైత్రపుటెండలో వండిన యన్నము త్వరగా చెడును. అన్నములో ఉడుకుటకును చావని సూక్ష్మజీవుల బీజములు కొన్ని గలవు. అవి గోరువెచ్చదనమున వృద్ధిపొందును. పులిహోరలోని పులుపు వానిని కొంత అణచును. ప్రయాణమునకు మన పెద్దలు దానినే కట్టుకొనుట యందువలననే తగియున్నది. పరమాన్నమును మాత్రము వేడి నిలుపు డబ్బాలో నుంచుడు; మిగిలినదానిని రెండుగంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టుడు.

వేకువ ఆరుగంటలకు పులిహోర యన్నముతో మొదలిడినచో పదకొండింటికి నాల్గు గిన్నెలును సిద్ధమగును. బొబ్బట్లు, మన తెలంగాణ సోదరీమణులు భక్ష్యములనునవి, లేనిదే పండుగ కాదని పెద్దలనవచ్చును. వారి మాటయు కాదనవలదు. ఉదయమే తలకొక్కటి చొప్పున కాల్చి, నేయి రాచి మూతపెట్టుడు. చల్లారిన బొబ్బట్టు రుచి తగ్గదు. చల్లారిన భోజనము ముందు ఒంటరిగా కూర్చున్న తల్లిని చూచి పిల్లలు నేర్చుకొను పాఠమే మంచిది కాదు.

గిన్నెలను పంక్తి మధ్యనుంచి, ఎవరికి వారు వడ్డించుకొననిండు. విస్తళ్లు వేయునపుడు ఇంటివారిని, చుట్టములను లెక్కించుదురు గదా. ఆ లెక్కలో మిమ్మును చేర్చుకొనుడు.