జాగ్రత్త అని చెబితే సరిపోతుందా?



లారీ లోడు మీదనుండి జారి నడుము విరిగినవారిని, నూర్పిడి మిషనులో వేళ్లు పోయినవారిని మా ఆసుపత్రికి తీసుకొస్తుంటారు. వెంట వచ్చినవారు మొదట అనే మాట, "కాస్త జాగ్రత్తగా ఉండొద్దా, సిస్టర్!" అని. ప్రమాదాల నివారణ పాఠంలో మా నర్సింగ్ విద్యార్థినులకు ఈ మాట గురించే అమెరికా రైల్వేల పాత సంగతి ఒకటి చెబుతుంటాము.

1870 ప్రాంతంలో అక్కడి గూడ్సు బండ్లను ఇంజనులోనుండే ఆపే బ్రేకులు లేవు. ఒక్కో పెట్టె పైన ఒక ఇనుప చక్రం ఉండేది. డ్రైవరు కూత వేయగానే బ్రేక్‌మన్ పెట్టెల కప్పుల మీద పరుగెత్తి, చక్రం తిప్పి బ్రేకు బిగించి, కదిలే బండిలోనే పక్క పెట్టె మీదికి దాటాలి. చీకటైనా, వానైనా, కప్పు మీద మంచు గడ్డకట్టినా తప్పదు. కాలు జారితే చక్రాల కిందికే. వంతెనలు తలకు తగిలి కొందరు పోయేవారు. అందుకని వాటికి ముందుగా తాళ్లు వేలాడదీసేవారు. తాడు ఒంటికి తగలగానే వంగిపోవాలి. ఇక పెట్టెలు తగిలించేటప్పుడు రెండింటి మధ్య నిలబడి చేత్తో పిన్ను వేయాలి. ఎందరి వేళ్లో అక్కడ నలిగిపోయాయి. 1889 జూన్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలోనే సుమారు 2 వేల మంది రైల్వే కార్మికులు చనిపోయారు, సుమారు 20 వేల మంది గాయపడ్డారు.

దీనికి ఉపాయం లేకపోలేదు. వెస్టింగ్‌హౌస్ 1869లోనే ఎయిర్ బ్రేకుకు, జానీ 1873లో దానంతట అదే తగులుకునే కప్లింగుకు పేటెంట్లు పొందారు. కాని గూడ్సు పెట్టెలన్నిటికీ అమర్చడం ఖర్చని కంపెనీలు వెనుకాడాయి. గాయపడినవాడు కోర్టుకు వెళితే, "ప్రమాదమని తెలిసే పనిలో చేరావు" అనేవారు.

అయోవా రాష్ట్రానికి చెందిన లొరెంజో కాఫిన్ అనే రైతు, ఒక బ్రేక్‌మన్ వేళ్లు తెగిపోవడం కళ్లారా చూశాడు. ఇక ఊరుకోలేదు. ఏళ్ల తరబడి తిరిగి అందరినీ కదిలించాడు. చివరకు 1893 మార్చి 2న అధ్యక్షుడు హారిసన్ చట్టంపై సంతకం చేశారు. గూడ్సు బండ్లకు కూడా ఎయిర్ బ్రేకులు, కొత్త కప్లింగులు తప్పనిసరి అయ్యాయి. కొత్త కప్లింగు లేని పెట్టె వల్ల గాయపడితే, ప్రమాదం తెలిసే చేరావని కార్మికుణ్ణి తప్పుపట్టకూడదని కూడా అందులో రాశారు. 1900 నాటికి చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. కప్లింగు దగ్గర ప్రమాదాలు బాగా తగ్గాయి. మనుషులు ఒక్కసారిగా జాగ్రత్తపరులు కాలేదు. వారి చేతికిచ్చిన సాధనం మారింది.

జాగ్రత్త అక్కర్లేదని మేము అనడం లేదు. కాని రోజంతా ఎండలో మూటలు మోసినవాడికి సాయంత్రానికి కాళ్లు వణుకుతాయి. అలసిన చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. ఆ తప్పుకు ప్రాణం పోకుండా చూడవలసింది పని చేయించేవారే. లారీకి నిచ్చెన ఉందా? మిషనుకు మూత ఉందా? ముందు అడగవలసిన ప్రశ్నలు ఇవి.

మా తప్పు కూడా ఉంది. ఇన్నేళ్లూ కేసు షీటులో "జారిపడ్డాడు" అని రాసి ఊరుకున్నాము. ఇకమీదట ఎంత ఎత్తునుండి పడ్డాడు, పట్టుకోవడానికి ఏమైనా ఉందా అని కూడా అడిగి రాయమని మా సిస్టర్లకు చెప్పాము. మీ ఇంటి దగ్గర, మీ పొలంలో ఎవరైనా పనికి ఎక్కేముందు మీరూ ఆ ప్రశ్న అడగండి. విరిగిన ఎముకకు మేము కట్టు కట్టగలము. పోయిన వేళ్లను తెచ్చి ఇవ్వలేము.