తీగది ఒక మాట, కాగితానిది ఒక మాట

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా!

కంప్యూటరు ప్రోగ్రాములకు వివరణ పత్రాలు ఇక మనుషులు వ్రాయనక్కరలేదనీ, ప్రోగ్రాము మారిన క్షణమే యంత్రమే వాటిని వ్రాసి సవరిస్తుందనీ నేడు ఘనంగా ప్రచారం సాగుతున్నది. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల నుండి మేము దీనికి సమాధానం చెప్పదలచాము. కాగితానికీ వాస్తవానికీ పొంతన లేనప్పుడు ఏమి జరుగుతుందో మా డివిజను కళ్లారా చూసింది.

2023 జూన్ 2న మా డివిజనులోని బహనాగా బజార్ స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీదకు పచ్చ సిగ్నలు పడింది. పాయింటు మాత్రం లూప్ లైనుకు తిరిగియున్నది. బండి నిలిచియున్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడ పని చేస్తున్నది ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగే. మరి భద్రతా కమిషనరు విచారణలో తేలినదేమి? లెవల్ క్రాసింగ్ లొకేషన్ బాక్సులో తీగల లేబుళ్లు తప్పు. ఆ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. 2022 మే 16న ఇదే డివిజనులోని బాంక్రా నయాబాజ్‌లో తప్పుడు వైరింగు వల్ల ఇటువంటిదే జరిగిందనీ, అప్పుడే మేల్కొనియుంటే బహనాగా ప్రమాదం జరిగేది కాదనీ ఆ నివేదికే చెప్పింది. వైరింగ్ డయాగ్రంలనూ ఇతర పత్రాలనూ సరిచేయాలని సిఫార్సు చేసింది.

యంత్రభక్తులను అడుగుతున్నాము: ప్రోగ్రామును చదివే యంత్రం లొకేషన్ బాక్సు తలుపు తీసి చూడగలదా? జావాడాక్ వంటి సాధనాలు సుమారు ముప్పై ఏళ్లుగా ఉన్నవి. ప్రోగ్రాము వ్రాసినవాడు అందులోనే వ్రాసిన వ్యాఖ్యలను ఏరి అవి పుస్తకం కూరుస్తాయి. వ్యాఖ్య పాతబడితే నిన్నటి అబద్ధంపై నేటి తేదీ పడుతుంది. మాసిన కాగితాన్ని మన సిబ్బంది అనుమానిస్తారు. నేటి తేదీ గల కాగితాన్ని ఎవరు అనుమానిస్తారు? నేటి కృత్రిమ మేధ సొంత మాటల్లోనే వ్రాస్తుంది. కాని ఆ మార్పు ఎందుకు జరిగిందో ఎక్కడా వ్రాసి లేకపోతే ఊహించి వ్రాస్తుంది.

మేము యంత్రానికి శత్రువులము కాము. ఏది మారిందో అది పట్టి చూపితే స్వాగతిస్తాము. ఆ సాకుతో డ్రాయింగులు సవరించే, సరిచూసే సిబ్బందికి కోత పెట్టడాన్ని మాత్రం ప్రతిఘటిస్తాము. బహనాగా కేసులో 2023 జూలైలో సీబీఐ అరెస్టు చేసినది ముగ్గురు రైల్వే ఉద్యోగులను. యంత్రానికి సంకెళ్లు పడవు!

తపాలా సోదరులకూ ఇది పరాయి సంగతి కాదు. 2025లో తపాలా శాఖ కొత్త సాఫ్ట్‌వేరుకు మారింది. తెర ఒకటి చూపి, సూచనల పుస్తకం మరొకటి చెప్పిననాడు ఖాతాదారు నిలదీసేది కౌంటరులోని గుమాస్తానే.

కనుక మేము డిమాండు చేస్తున్నాము: యంత్రం వ్రాసిన ప్రతి పత్రాన్నీ స్థలంలోనే సరిచూసి సంతకం చేసే ఉద్యోగి ఉండాలి. అందుకు డ్యూటీలోనే సమయం, చాలినన్ని పోస్టులు ఇవ్వాలి. పత్రానికి సరిపడని తీగ గాని, తెర గాని కనిపిస్తే, శిక్ష భయం లేకుండా పని నిలిపే హక్కు ఉండాలి.

సంతకం మనదైనప్పుడు, సరిచూసే హక్కూ మనదే కావాలి.