మోతాదు పెంచితే మేలు పెరుగుతుందా?

ఒక మందు కొంత పనిచేస్తే, మూడు మందులు కలిపితే ఇంకా బాగా పనిచేస్తాయా? మోతాదు ఎన్నో రెట్లు పెంచితే రోగం పూర్తిగా పోతుందా? "పోతుంది" అనాలనిపిస్తుంది కదూ! కాని అలా అనుకోవడం వేరు, పరీక్షించి తేల్చడం వేరు.

రొమ్ము కాన్సరు ఎముకలకో, ఊపిరితిత్తులకో పాకితే ఆపరేషనుతో నయం కాదు. రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగే మందులు కావాలి. అయితే ఒక మందుకు లొంగని కణాలు కొన్ని మిగిలిపోతాయి. వేరువేరు విధాలుగా కణాన్ని దెబ్బతీసే మందులను కలిపి ఇస్తే తప్పించుకునేవి తగ్గుతాయని శాస్త్రజ్ఞులు ఊహించారు. సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ అనే మూడింటిని 1970 దశకంలో ఇలా కలిపి పరీక్షించారు. ఒక్క మందు ఇచ్చినప్పటికన్నా ఎక్కువమందిలో గడ్డలు కుంచించుకుపోయాయి. అంటే ఆ ఊహ పరీక్షలో నెగ్గింది. వీటిలో మెథోట్రెక్సేట్ ఎవరి కృషి ఫలితమో తెలుసా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధక బృందానిది!

తర్వాత మరో ఊహ వచ్చింది: మందులు కలిపి, మోతాదు కూడా బాగా పెంచితే? ఈ మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. రక్తాన్ని తయారుచేసే ఎముకల మూలుగలోనివీ అలాంటి కణాలే. కనుక రోగి మూలకణాలను ముందే తీసి దాచి, మందు ఇచ్చాక తిరిగి ఎక్కించేవారు. 1990 దశకంలో అమెరికాలో వేలమంది స్త్రీలు ఈ కఠినమైన చికిత్స చేయించుకున్నారు. అది నిజంగా మేలైనదో కాదో అప్పటికి తేలలేదు.

చివరకు తేల్చిన పరీక్షల్లో ఒకటి చూడండి. మామూలు మోతాదుకు గడ్డలు తగ్గిన 199 మందిని చీట్లు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. 110 మందికి పెద్ద మోతాదు, 89 మందికి పాత మూడు మందుల మామూలు మోతాదు. ఫలితాలు 2000లో వెలువడ్డాయి. మూడేళ్ళకు బతికివున్నవారు మొదటి జట్టులో నూటికి 32 మంది, రెండో జట్టులో 38 మంది. ఈ కొద్దిపాటి తేడా యాదృచ్ఛికం కావచ్చు. కాని పెద్ద మోతాదువల్ల ఆయుష్షు పెరగలేదన్నది స్పష్టం. పెరిగినవి బాధలే.

"మనుషుల ప్రాణాలతో చీట్లాటా?" అని మీరు అడగవచ్చు. రెండింటిలో ఏది మేలో నిజంగా తెలియనప్పుడు, రోగికి అంతా వివరించి, ఆమె ఒప్పుకుంటేనే చేసే ఈ పరీక్షలో అన్యాయం లేదు. పరీక్షించకుండా వేలమందికి ఇవ్వడమే అన్యాయం. అందులో ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఈసారి ఎవరైనా "ఈ మందు అద్భుతం!" అంటే, మీరు ఒక్క ప్రశ్న వేయండి: "దేనితో పోల్చి చూశారు?"